పచ్చ గడి, ఎర్ర గడి

మార్చి 3, సోమవారం

ఒరే బఠాణీ,

చిన్నప్పుడు డబ్బాలో బఠాణీలు తప్ప ఇంకేదీ ముట్టేవాడివి కాదని నేను పెట్టిన పేరు. ముప్ఫై మూడేళ్ళొచ్చి, గడ్డం పెంచి, దుంగల లారీ తోలినా నాకు బఠాణీవే. రాతి మీద మాత్రం లోవెల్ కిన్సర్ అని చెక్కించాడు మీ నాన్న. చూస్తే ఎవడో పరాయివాడి సమాధిలా ఉంది.

నా చదువు తొమ్మిదో తరగతితో సరి. నా రాత కోడి గీకినట్టుంటుందని నువ్వే వెక్కిరించేవాడివి. ఇప్పుడు వెక్కిరించు చూద్దాం. ఈ నోటుపుస్తకం స్కానర్ పక్కన పెట్టుకునేదే, అంబులెన్సులవాళ్ళ రేడియో మాటలు వినిపించే ఆ పెట్టె పక్కన. ముందు పేజీల నిండా ఊళ్ళోవాళ్ళ రోగాలు. ఎవరింటికి ఎప్పుడు అంబులెన్స్ వచ్చింది, ఎందుకొచ్చింది, ఉత్తిపుణ్యానికి ఎన్నిసార్లొచ్చింది. వెనక ఖాళీ పేజీలు చాలా మిగిలాయి. పారేయబుద్ధి కాలేదు.

నువ్వు పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. చర్చి ఆడవాళ్ళు తెచ్చిన గిన్నెలు ఇంకా పదకొండున్నాయి. ఒక్కోదాని అడుగున పేరు రాసిన టేపు. మూత తీస్తే అన్నిట్లోనూ నూడుల్సూ చీజూ. కొడుకు పోయినవాళ్ళు చీజు తింటే తేరుకుంటారని ఈ జిల్లాలో ఎవరో కనిపెట్టారు కాబోలు.

తేన్పుల డెల్బర్ట్ కూడా వచ్చాడు, పంది తొడమాంసం పట్టుకుని. డెబ్బై దాటింది. గుండెపోటని మూడుసార్లు అంబులెన్స్ పిలిపించుకున్నాడు. మూడుసార్లూ కొండ అవతల పెద్దాసుపత్రి దాకా ఊరేగి, ఎమర్జెన్సీలో పడుకుని, ఓ తేన్పు తేన్చి ఇంటికొచ్చాడు. ఆ పేరు పెట్టింది నేనే. ఊరంతా పాకింది. నిన్న మా వరండాలో నిలబడి టోపీ చేతిలో నలిపేస్తుంటే చూశాను. ఎర్రగా, బుర్రగా, నిక్షేపంలా ఉన్నాడు. మూడుసార్లు అంబులెన్స్ పిలిచినవాడు బతికే ఉన్నాడు. ఒక్కసారీ పిలవనివాడు నువ్వు.

స్కానర్ తీసి అలమర మీద పెట్టేశాను. ఇక వినను. నువ్వు పోయిన రోజు కూడా అది ఆపేసే ఉంది. నేను ఇంటి కింద నేలగదిలో బట్టలుతుక్కుంటున్నాను.


మార్చి 4

బట్టల బుట్టతో నేలగది మెట్లెక్కుతుంటే ఎడమ దవడ లాగింది. పన్ను అయి ఉంటుంది.


మార్చి 9, ఆదివారం

ఇవాళ చర్చిలో ప్రార్థనయ్యాక జిల్లా ఆరోగ్యశాఖ నుంచి ఓ పిల్ల వచ్చి ఫ్రిజ్‌కి అంటించుకునే అయస్కాంతం బిళ్ళలు పంచింది. పైన పెద్ద అక్షరాలు: ఎక్కడికి వెళ్ళాలి? కింద రెండు గడులు. పచ్చ గడి అర్జెంట్ కేర్, అంటే చిన్నాచితకా రోగాలు చూసే క్లినిక్. చెవిపోటు, గొంతునొప్పి, మడమ బెణుకు, దద్దుర్లు. ఎర్ర గడి ఎమర్జెన్సీ. ఛాతీ నొప్పి ఐదు నిమిషాలు దాటితే, ఊపిరాడకపోతే, మూతి వంకర పోతే, రక్తం ఆగకపోతే. అడుగున థర్మామీటరు నోట్లో పెట్టుకున్న పిల్లి బొమ్మ. రోగం వచ్చినవాడికి ఆ పిల్లిని చూస్తే ధైర్యం వస్తుందని కాబోలు.

"ఏ గడిలోకి పోవాలో తెలీని రోగం వస్తే ఏం చేయాలమ్మా?" అని అడిగాను.

"అనుమానం ఉంటే ఎర్రదేనండీ" అంది ఆ పిల్ల, చిలకలా.

"మరి పచ్చ గడిలోకి పోతే, అక్కడివాళ్ళు చూసి బయటికి పంపేస్తే?"

నేనెవర్నో పక్కనున్నవాళ్ళు ఆమె చెవిలో ఊదారు. ఆ పిల్ల మొహం మాడిపోయింది. నాకు రెండు బిళ్ళలిచ్చింది. ఒకటి సరిపోదనుకుందేమో.

నువ్వు పచ్చ గడికి పోయావు. దుకాణాల వరసలో, పిజ్జా కొట్టుకీ గోళ్ళరంగు కొట్టుకీ మధ్య ఉందే, ఆ అర్జెంట్ కేర్‌కి. కాలు వాచింది, ఆయాసంగా ఉందని పోయావు. అక్కడెవత్తో నిన్ను చూసి పంపేసింది. గంటలో రాతిగని మలుపు దగ్గర నీ పికప్ ట్రక్కు రోడ్డు దిగి ఆగిపోయి ఉంది. కాలిలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తికి ఎక్కిందట. అది తెలుసుకోలేని దానికి తెల్లకోటెందుకు? పక్కన పిజ్జా కొట్టుంది కదా, పోయి పిండి పిసుక్కోమను.

ఏదో ఒకరోజు పోయి ఆ తెల్లకోటు పిల్లని నిలబెట్టి కడిగేయాలి.

బిళ్ళ ఫ్రిజ్‌కి అంటించాను. దవడ నొప్పి రెండు గడుల్లోనూ లేదు. చూశాను.


మార్చి 13

మాక్సీన్ ఫోన్ చేసింది. "ఏమే వెర్నా, బతికున్నావా?" అనేసి నాలిక్కరుచుకుంది. నలభై ఏళ్ళుగా అలాగే పలకరిస్తుంది, పాపం ఏం చేస్తుంది.

"ఉన్నానే. చావొచ్చినా మీ గిన్నెలన్నీ తోమి తిరిగిచ్చాకే."

"హోబర్ట్ ఎలా ఉన్నాడు?" అని మీ నాన్న సంగతి అడిగింది.

"ఎలా ఉంటాడు? చెవి మిషన్ తీసి చొక్కా జేబులో పడేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. గనిలో ముప్ఫై ఏళ్ళు చేసి చెవులు పోగొట్టుకున్నందుకు ఇన్నాళ్ళకి సుఖపడుతున్నాడు."

"ఇవాళ విన్నావా మరి, వాగు రోడ్డు..."

"నేను వినట్లేదే. స్కానర్ ఆపేశాను."

"మరి నీ వెనక ఆ గరగర ఏంటి?"

"ఫ్రిజ్."

"నీ ఫ్రిజ్ 'వాగు రోడ్డు, ఎర్ర పోస్టుడబ్బా ఇల్లు' అంటోందేంటే?"

ఇద్దరం నవ్వాం. నువ్వు పోయాక మొదటిసారి. నవ్వుతుంటే ఎడమ రెక్క కింద వీపులో సూదితో పొడిచినట్టయింది. ఫోన్ పెట్టేసి కూర్చుండిపోయాను.

అవును, అలమర మీంచి దించాను. దుమ్ము తుడవడానికి. గొంతు బాగా తగ్గించే పెట్టాను. లోయలో బైబిలు లేని ఇల్లయినా ఉంటుందేమో గానీ ఈ పెట్టె లేని వంటిల్లు ఉండదు, నేనొక్కదాన్నే తప్పు చేసినట్టు ఎందుకు దాచాలి? అయినా దాన్లో పేర్లు చెప్పరు కదా. వయసు, ఆడో మగో, ఏ రోడ్డు, ఏం రోగం. మిగతాది మేం కనిపెట్టుకుంటాం.

మాక్సీన్ ఆ రోజు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.


మార్చి 16

వీపు నొప్పికి రాత్రి పడుకున్న తీరే కారణం. మీ నాన్న దుప్పటంతా లాగేసుకుంటాడు.

ఆ రోజు స్కానర్ ఆపేసి ఉంది. చర్చి అమ్మకానికి కేకు చేస్తున్నాను. మిక్సర్ చప్పుడులో ఏదీ వినపడదు కూడా.


మార్చి 20

నాలుగు నిమిషాలు. గడియారం చూసి లెక్కపెట్టాను. బిళ్ళ మీద ఐదు దాటితే అని ఉంది.


మార్చి 22

నొప్పి ఉన్నవైపు పళ్ళు పైవీ కిందవీ పదేళ్ళ కిందటే పీకించేశానని ఇవాళ గుర్తొచ్చింది. పెట్టుడు పళ్ళ డబ్బా తోముతుంటే.

అయినా పన్నే అయి ఉంటుంది. పోయిన పన్ను కూడా నొప్పెడుతుందని విన్నాను. పోయినవే ఎక్కువ నొప్పెడతాయి.


మార్చి 29, శనివారం

గిన్నెలు తిరిగివ్వడానికి చర్చి హాలుకి వెళ్ళాను. అక్కడ కుర్చీలు మడతపెడుతూ డెల్బర్ట్ ఒక్కడే ఉన్నాడు. గిన్నెల పెట్టె బల్ల మీద పెట్టి గోడనానుకుని నిలబడ్డాను. ఒక్క నిమిషం.

"వెర్నా, నీ మొహం రంగు బాలేదు" అన్నాడు.

"కొడుకు పోయినదాన్ని, పౌడరేసుకు తిరగమంటావా?"

"అది కాదు. ఆ రంగు నాకు తెలుసు. అద్దంలో చూశాను. నువ్వు పెద్దాసుపత్రికి పో. ఎమర్జెన్సీకి."

"నువ్వు పంపిన ఒక్కో మనిషికీ అక్కడ నీకేమైనా ముట్టజెపుతారా డెల్బర్టూ? నీ మంచం ఖాళీగా ఉందని చెప్పి పంపించారా?"

ఆయన నవ్వలేదు. చేతిలో కుర్చీ మెల్లగా కింద పెట్టాడు.

"మూడుసార్లు పోయాను. మూడుసార్లూ గ్యాసే. నాలుగోసారి కాకపోవచ్చు. అందుకని నాలుగోసారి కూడా పిలుస్తాను."

"పిలువు. లోయంతా వినాలని చెవులు రిక్కించుకుని ఉంటుంది."

"తెలుసు. నువ్వు పెట్టిన పేరూ తెలుసు. మా మనవలు కూడా అలాగే పిలుస్తారు నన్ను." మళ్ళీ కుర్చీ తీసుకున్నాడు. "సిగ్గుగానే ఉంటుంది వెర్నా. అంబులెన్స్ ఎక్కేటప్పుడు ప్రతిసారీ సిగ్గుగానే ఉంటుంది. అయినా ఎక్కుతాను."

నాకు మాట తోచకపోవడం ఆయన చూశాడు. అది నాకు నొప్పికన్నా ఎక్కువ మండింది.

ఇంటికొచ్చి ఖాళీ పెట్టె దించుతుంటే నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి గడియారం చూడలేదు.


ఏప్రిల్ 2, బుధవారం, పొద్దున్నే

టౌనుకి వెళ్తున్నాను. అర్జెంట్ కేర్‌కి. వైద్యానికి కాదు. ఆ పిల్లని కడిగేయడానికి. చాలా రోజులుగా అనుకుంటున్నదే, ఇవాళ తీరిక దొరికింది. తెల్లారుజామున మొదలైన దవడ నొప్పి ఇంకా తగ్గలేదు, దానికీ దీనికీ సంబంధం లేదు.

"ఎక్కడికి?" అన్నాడు మీ నాన్న.

"పోట్లాటకి."

"నేనూ రానా?"

"చెవి మిషన్ పెట్టుకోకుండా వచ్చి ఏం చేస్తావు, చప్పట్లు కొడతావా?"

కారు తాళం తీసుకున్నాను.


ఏప్రిల్ 5, శనివారం, పెద్దాసుపత్రి

మూడు రోజులు రాయలేదు. పుస్తకం నా దగ్గర లేదు. ఇవాళ మీ నాన్న తెచ్చాడు. కళ్ళజోడూ, చెప్పులూ, పళ్ళ డబ్బా తెమ్మన్నాను. సంచిలో అడుగున ఇది కూడా ఉంది. నేను అడగలేదు. దాని సంగతి తర్వాత చూస్తాను.

ముందు ఇది రాయాలి.

అర్జెంట్ కేర్‌లో కాగితం నింపమన్నారు. ఏం బాధ అన్న చోట మోచెయ్యి అని రాశాను. పోట్లాట అని రాస్తే లోపలికి రానివ్వరు కదా. లోపల గదిలోకి ఒక సన్నపాటి పిల్ల వచ్చింది. జుట్టు పైకి ముడేసుకుంది, పాతికేళ్ళుంటాయేమో. చొక్కా మీద షెల్బీ అని పేరు.

"మోచెయ్యి ఎప్పట్నుంచి నొప్పండీ?"

"నా మోచెయ్యి మాట వదిలెయ్యి అమ్మాయ్. ఫిబ్రవరి పదకొండున లోవెల్ కిన్సర్ అని ఒకడొచ్చాడు. వాణ్ణి చూసింది నువ్వేనా?"

కాగితంలో నా ఇంటిపేరు చూసింది. కలం కింద పెట్టింది. "నేనేనండీ."

"చూసి పంపేసింది?"

ఆ పిల్ల దానికి జవాబు చెప్పకుండా నా మొహంలోకి చూస్తోంది. "వెర్నా గారూ, మీకెందుకు అన్ని చెమటలు పడుతున్నాయి?"

"కోపమొస్తే పడతాయి."

"దవడ ఎందుకు పట్టుకున్నారు?"

"నిన్ను కరవకుండా."

నిజంగా అలాగే అన్నానురా. ఎవరైనా నన్ను కాస్త మెచ్చుకోండి. ఆ పిల్ల మెచ్చుకోలేదు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి ఒళ్ళంతా వైర్లంటించి ఈసీజీ తీసింది. కాగితం చూసి బయటికెళ్ళి, ఎవరితోనో మాట్లాడి, తెల్ల మాత్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఇవి నమలండి."

"నావి పెట్టుడు పళ్ళు."

"అయినా నమలండి. మీకు గుండెపోటు వస్తోంది. ఇప్పుడు, ఇక్కడ. మీరు ఎమర్జెన్సీకి పోవాలి. అంబులెన్స్ పిలుస్తున్నాను."

"అంబులెన్స్ వద్దు. బయట నా కారుంది. నలభై నిమిషాలే కదా, నేనే పోతాను."

ఆ పిల్ల చక్రాల ముక్కాలిపీట మీద కూలబడింది. మొహంలో రంగు లేదు. రోగం నాకా దానికా అనిపించింది.

"అదే మాట" అంది. "సరిగ్గా అదే మాట, అదే బల్ల మీద కూర్చుని."

"ఎవరు?"

"నేను చెప్పకూడదు. చెప్తే నా ఉద్యోగం పోతుంది." ముక్కు తుడుచుకుంది. "మీ అబ్బాయిని నేను పంపెయ్యలేదండీ. కాలు చూశాను, ఊపిరి చూశాను, రక్తపు గడ్డ ఊపిరితిత్తికెక్కిందేమో, క్షణం ఆలస్యం చేయకూడదు, అంబులెన్స్ పిలుస్తానన్నాను. వద్దన్నాడు. ఎందుకని అడిగితే నవ్వాడు. మా అమ్మ స్కానర్ వింటుంది, ముప్ఫై మూడేళ్ళ మగమనిషి, కాలు వాపు అనగానే నేనేనని కనిపెట్టేస్తుంది, తేన్పుల డెల్బర్ట్ పక్కన నా పేరూ రాసేసి క్రిస్మస్ దాకా ఏడిపిస్తుంది అన్నాడు. డెల్బర్ట్ ఎవరో నాకు తెలీదు."

నాకు తెలుసు.

"కాగితం మీద సంతకం చేయించుకున్నాను, అంబులెన్స్ వద్దన్నట్టు. పార్కింగ్ దాకా వెంటపడ్డాను. తాళం లాక్కోబోయాను. నలభై నిమిషాలే కదా అని నా భుజం తట్టి పోయాడు."

ఆ గదిలో గోడకి కూడా అదే బిళ్ళ ఉంది. అదే పిల్లి. పచ్చ గడిలోవాళ్ళు నిన్ను ఎర్ర గడికి పొమ్మన్నారు. మధ్యలో నేను కూర్చున్నాను, పుస్తకమూ కలమూ పట్టుకుని.

దవడలోంచి నొప్పి చేతిలోకి దిగింది. షెల్బీ నన్ను చూస్తోంది. ఈసారి తాళం అడిగి చూడలేదు, ముందే నా సంచీ తీసి వీపు వెనక దాచుకుని నిలబడింది. ఎంత ఉందనీ ఆ పిల్ల, తోస్తే పడిపోతుంది.

కారు తీసుకుని పోదామనే అనిపించిందిరా. అబద్ధం ఎందుకు. నువ్వు పోయిన దారినే, నువ్వు పోయినట్టే పోదామని. ఆ మలుపు దాకా.

"పిలువు" అన్నాను.

అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళిద్దరూ మన ఊరి వాలంటీర్లే, వాళ్ళు పుట్టినప్పట్నుంచీ నేనెరిగినవాళ్ళు. స్ట్రెచర్ మీద కట్టేసి ఎక్కించి రేడియోలో చెప్తున్నారు. "సుమారు అరవై ఏళ్ళ ఆడమనిషి, గుండెపోటు..."

"యాభై ఎనిమిది!" అని అరిచాను.

"పేషెంటు స్పృహలో ఉంది" అన్నాడు వాళ్ళలో ఒకడు రేడియోలో. "నోరు మూయట్లేదు."

లోయంతా విన్నది. సిగ్గుగానే ఉంది. డెల్బర్ట్ సరిగ్గానే చెప్పాడు.

మణికట్టులోంచి సన్నటి గొట్టం దూర్చి గుండె నాళంలో స్ప్రింగు లాంటి స్టెంటు ఒకటి పెట్టారు. ఇంకో చోట కూడా మూసుకుపోయిందట, సోమవారం దాన్ని చూస్తారట. గంట ఆలస్యమైతే దక్కేదాన్ని కాదన్నాడు డాక్టరు. ఆ మాట దక్కాల్సింది నీకు, దక్కింది నాకు.

మాక్సీన్ మర్నాడు ఫోన్ చేసింది. ఏడుస్తూనే నవ్వుతోంది. "పేరు చెప్పకుండానే కనిపెట్టానే. నోరు మూయట్లేదు అనగానే లేచి నిలబడి 'వెర్నా' అని కేకేశాను."

"పుస్తకంలో రాసుకున్నావా?"

"నేను రాయనే. రాసేది నువ్వే కదా."

అవును. రాసేది నేనే.

ఆ రోజు స్కానర్ ఆపేసి


ఏప్రిల్ 6, ఆదివారం

మీ నాన్న పొద్దున్నే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెవిలో మిషను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కిటికీ చూశాడు. గోడ చూశాడు. ఆయన మాటలు గనిలోంచి బొగ్గు తీసినట్టు తియ్యాలి.

"పుస్తకం చదివావు" అన్నాను.

"చదివాను. నీ రాత అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది."

"ఇంకొకళ్ళ పుస్తకం చదవడానికి సిగ్గు లేదూ?"

"ముందు పేజీలన్నీ ఇంకొకళ్ళ రోగాలే కదా." కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "వెర్నా, ఒకచోట బట్టలుతుకుతున్నానని రాశావు. ఒకచోట కేకు చేస్తున్నానని రాశావు."

నేను దుప్పటి సర్దుకున్నాను.

"ఆ రోజు నువ్వు బంగాళాదుంపల తొక్క తీస్తున్నావు. సింకు దగ్గర. మాక్సీన్ ఫోన్‌లో ఉంది."

"నీకెలా తెలుసు? నీ చెవి మిషన్ జేబులో ఉంటుంది ఎప్పుడూ."

"ఆ రోజు పెట్టుకునే ఉన్నాను."

బఠాణీ, నా గుండెకి వైర్లు తగిలించిన పెట్టె ఒకటి పక్కన ఉంది, అది టక్కుటక్కుమని కొట్టుకోవడం మొదలెట్టింది. నర్సు తలుపులోంచి తొంగి చూసి వెళ్ళింది.

"విన్నావా అయితే" అన్నాను.

"విన్నాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు అనలేదు? నా మొహాన కొట్టినట్టు అనెయ్యకపోయావా?"

మీ నాన్న చేతులు చూసుకున్నాడు. గోళ్ళలో బొగ్గు ఇంకా ఉంది, పని మానేసి ఎనిమిదేళ్ళయినా.

"ఎలా అంటాను?" అన్నాడు. "నువ్వన్న మాటకి నేనూ నవ్వాను, వెర్నా."

నా మంచం అంచు మీద తల పెట్టాడు. అలాగే నిద్రపోయాడు. ఇప్పుడూ నిద్రపోతూనే ఉన్నాడు, నేను ఇది రాస్తున్నాను.

ఆ రోజు స్కానర్ ఆన్‌లోనే ఉందిరా. మధ్యాహ్నం రెండు దాటింది. "రాతిగని మలుపు దగ్గర పికప్ ట్రక్కు రోడ్డు దిగి ఆగి ఉంది, సుమారు ముప్ఫై ఏళ్ళ మగమనిషి, పిలిస్తే పలకడం లేదు" అంది దాన్లో అంబులెన్సులు పంపే పిల్ల. నేను బంగాళాదుంప చేతిలో పట్టుకుని మాక్సీన్‌తో అన్నాను: "ఎవడో తాగి తొంగుని ఉంటాడే. లేపి వాళ్ళమ్మకి అప్పజెప్పమను."

అప్పజెప్పారు.

ఊళ్ళో ఎవరి గొంతు ఎవరిదో, ఎవరి రోగం ఏదో పేరు లేకుండా కనిపెట్టేదాన్ని. ఆ ఒక్కటి కనిపెట్టలేకపోయాను. అంతేరా. అదీ నేను చెప్పాల్సింది. ఆ పిజ్జా కొట్టు పక్కన పిల్ల మీదికి తోసేసి బతికేద్దామనుకున్నాను, అదీ కుదరలేదు. అమ్మని వెక్కిరించు. క్రిస్మస్ దాకా ఏడిపించు. ఆ తర్వాత కూడా.

ఇక నీకు రాయను. నీకు చదివే తీరిక లేదు, నాకు దాచే ఓపిక లేదు. నిజంగా చదివేవాడు ఒకడు దొరికాడు కాబట్టి అతనికే రాస్తాను.

హోబర్ట్,

లేచాక ఈ పుస్తకం నువ్వే తీసుకుపో. వెనక ఇంకా ఖాళీ పేజీలున్నాయి, నీకేమైనా రాయాలనిపిస్తే రాయి. నోటితో చెప్పలేకపోతే అలాగైనా చెప్పు. రేపు వాళ్ళు నా రెండో నాళం చూస్తారు. నేను భయపడుతున్నాను, అది నీ మొహం మీద చెప్పను, ఇక్కడ చెప్తున్నాను. ఇంట్లో నీకు నొప్పొస్తే, వీపైనా దవడైనా కాలైనా, గడియారం చూడకు. ఆ బిళ్ళ చూడకు. పిలువు. లోయంతా విననీ. నేనూ ఇక్కడ పడుకుని వింటాను, నవ్వను.

నీ బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నావు. నువ్వు తల వాల్చినప్పుడు చూశాను. నేను లేనప్పుడు బిస్కెట్లు నిలబడే నమిలేస్తావని తెలుసు. అలా కాదు. పొయ్యి వెలిగించు, కంచంలో పెట్టుకో, కూర్చో. కడుపునిండా తిను.